కిటికీ చొక్కా

సూది తీశాక రక్తం ఆగడానికి మామూలుగా పది నిమిషాలు. ఆ సోమవారం తమ్ముడికి నలభై పట్టింది.

అక్క మంచం పక్కనే నిలబడి, మడిచిన గాజుగుడ్డ మీద రెండు వేళ్ళు ఆనించి పట్టుకుంది. గట్టిగా నొక్కితే లోపల నరం పూడుకుపోతుంది. వదులుగా పట్టుకుంటే రక్తం చిమ్ముతుంది. రెంటికీ మధ్య ఎంత బిగువు కావాలో ఆవిడ వేళ్ళకి తెలుసు. ముప్ఫై ఏళ్ళుగా కుట్టుమిషను పాదం కిందకి రెండు పొరల గుడ్డ జారకుండా తోస్తున్న వేళ్ళవి. ఇరవై నిమిషాలకి ఎత్తి చూసింది. ఎర్రగా ఊరుతూనే ఉంది. ఇంకో గుడ్డ మడిచి పెట్టింది.

"నా రక్తానికి ఇంటికి రాబుద్ధి కావటం లేదక్కా," అన్నాడు తమ్ముడు. "ఇక్కడ చల్లగా ఉంది గదా, అలవాటు పడిపోయింది."

"నోరు మూసుకుని చెయ్యి కదలకుండా పెట్టు."

పక్క మంచం మీది కండక్టరు నవ్వాడు. బస్సు వదిలేసి నాలుగేళ్ళయినా ఆయన్ని అందరూ కండక్టరనే అంటారు. డయాలసిస్ గదిలో పధ్నాలుగు మంచాలు. ఏదైనా ఖాళీ అయితే, ఎందుకు ఖాళీ అయిందో తెలిసి కూడా, సీటుంది ఎక్కండి ఎక్కండి అంటాడు. మొదట్లో అక్కకి ఆ మాట గిట్టేది కాదు. తర్వాత అలవాటైపోయింది.

ఆ గది చలి మామూలు చలి కాదు. ఒంట్లో రక్తమంతా గొట్టాల్లో బయట తిరిగి లోపలికి వస్తుంటే ఎముకల్లోంచి వణుకు పుడుతుంది. సూదులు పొడవాలంటే చొక్కా విప్పాలి, విప్పితే నాలుగ్గంటలూ పళ్ళు కొరుక్కుంటూ పడుకోవాలి. ఆరు నెలల కిందట తమ్ముడే అడిగాడు, చొక్కా విప్పకుండా సూది పొడిపించుకునే ఉపాయం ఏదైనా చూడమని. అక్క రెండు రోజులు ఆలోచించి, చొక్కా ఎడమ చేతిని భుజం కింద నుంచి మోచేతి దాకా పొడుగ్గా కోసి, లోపలి వైపు మెత్తటి పట్టీ వేసి, పైన మూడు జతల తాళ్ళు కుట్టింది. తాళ్ళు విప్పితే సూదులకి కావలసినంత చోటు, కడితే మామూలు చొక్కా. తమ్ముడు దానికి కిటికీ చొక్కా అని పేరు పెట్టాడు. నెల తిరక్కుండా కండక్టరు తనకీ ఒకటి కావాలన్నాడు. ఆయన్ని చూసి ఇంకో ఇద్దరు. ఇప్పుడా గదిలో నాలుగు కిటికీలున్నాయి.

నలభై నిమిషాలకి రక్తం ఆగింది. పెద్ద సిస్టరు వచ్చి తమ్ముడి ముఖంలోకి చూసి, అక్కని పక్కకి పిలిచింది. పధ్నాలుగు మంచాలకీ ఆవిడొక్కతే పెద్ద. నడుస్తూనే మాట్లాడుతుంది, నడుస్తూనే తింటుంది. కళ్ళ కింద సంచులు చూశావా, మెడ చూశావా, చెయ్యి చూశావా, అంది. కొలత మించి నీళ్ళు తాగుతున్నాడమ్మా, నువ్వే కాపలా సరిగ్గా కాయటం లేదు, అంది. తూకంలో కిలోన్నరే ఎక్కువ చూపించింది గదా అని అక్క నసిగితే, తూకానికేం తెలుసు, ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను, అంది.

ముప్ఫై ఏళ్ళ పనితనం మాట వచ్చేసరికి అక్క తల ఊపింది. పని తెలిసిన మనిషి మాటకి ఎదురు చెప్పటం ఆవిడకి చేతకాదు.

*

ముందుగదే దుకాణం. వీధి వైపు తలుపు తీస్తే కుట్టుమిషను, కత్తిరించే బల్ల, నిలువుటద్దం. వెనక గదిలో తమ్ముడి మంచం. ఒకప్పుడు దుకాణాల మీద బోర్డులు రాసేవాడు. నిచ్చెన ఎక్కే ఓపిక పోయాక, ఇంట్లో కూర్చుని బళ్ళ నంబరు పలకలు రాస్తున్నాడు. కుంచె పట్టేది కుడిచెయ్యే, కాని ఎడమచేతి మణికట్టు దాని కింద ఆనితేనే కుడిచెయ్యి వణకదు. రెండు నెలలుగా ఎడమచెయ్యి పైకి లేవటం లేదు. పలక మీద సున్నాలు కోడిగుడ్లలా వస్తున్నాయని వాడే నవ్వుతాడు.

మంచం పక్క గూట్లో ఒక గాజు సీసా. దాని చుట్టూ అక్క మూడు దారాలు కట్టింది. నిండు సీసాలో నీళ్ళు మధ్యాహ్నానికి మొదటి దారం దాకా దిగొచ్చు, సాయంత్రానికి రెండోది, పడుకునేసరికి మూడోది. అంతకు మించి చుక్క లేదు. సిస్టరు మాట విని వచ్చిన ప్రతి సోమవారం ఆ దారాలు అరంగుళం పైకి జరుగుతాయి. అరంగుళం పైకి జరిగితే నీళ్ళు అరంగుళం తక్కువన్న మాట.

ఆ సాయంత్రం కూడా జరిపింది. తమ్ముడు చూస్తూ పడుకున్నాడు.

"పంపు దగ్గరికి వెళ్తున్నావా?"

"లేదక్కా."

"నేను బయటికెళ్ళినప్పుడు?"

"లేదన్నాను గదా."

"మరి నీళ్ళు గాల్లోంచి వస్తున్నాయా ఒంట్లోకి? నలభై రెండేళ్ళొచ్చాయి, దొంగతనంగా నీళ్ళు తాగే వయసా ఇది? ఎవరి కోసంరా నేనిక్కడ కాళ్ళరిగేలా తొక్కుతున్నది?"

వాడు గోడ వైపు తిరిగాడు. వాడు మాట్లాడకపోవటమే ఆవిడకి రుజువైంది. మిగతా వాటన్నిటికీ హాస్యం ఆడేవాడు, నీళ్ళ మాట వస్తే నోరు మెదపడు. తాగనివాడైతే తిరగబడడూ?

పాత చొక్కా బిగుతైందని మర్నాడు పొద్దున కొత్తది కత్తిరించటానికి కూర్చుంది. తమ్ముణ్ణి నిలబెట్టి బనియను మీదనే కొలత తీసింది. ఈమధ్య వాడు మెడ దాకా మూసే పొట్టి చేతుల బనియను తప్ప వేసుకోవటం లేదు, చలి ఒంట్లోనే మకాం పెట్టిందంటాడు. ఎడమ జబ్బ చుట్టుకొలత పదిహేనున్నర. కుడి జబ్బ పదకొండు. మెడ పోయిన నెలకంటే అంగుళం ఎక్కువ.

ఈ కొలతలు ఆవిడ కాగితం మీద రాయదు, పైకి అనదు. అది ఆవిడ పని పద్ధతి. ఒక భుజం కిందకి జారిన మనిషి వస్తే ఆ వైపు కాస్త దూది మెత్త వేస్తుంది. ఒక కాలు పొట్టి అయితే ఆ వైపు మడత తక్కువ పెడుతుంది. ఎందుకు పెట్టిందో చెప్పదు, వాళ్ళూ అడగరు. అద్దం ముందు నిలబడి, అన్నీ సమంగా ఉన్నాయనుకుని వెళ్ళిపోతారు. ఆవిడ దగ్గర కుట్టించుకున్నవాళ్ళు మళ్ళీ ఇంకో చోటికి వెళ్ళకపోవటానికి కారణం అదే.

తమ్ముడికీ అలాగే చేసింది. ఎడమ చేతికి కావలసినంత వదులు పెట్టి, కుడిచేతిని కూడా దానికి తగ్గట్టు వెడల్పు చేసి, లోపల రెండు కుచ్చులు పట్టింది. కాలరు పెంచి, ఛాతీ మీద నిలువు చారలు వచ్చేలా గుడ్డ తిప్పింది. తొడిగి అద్దం ముందు నిలబెడితే రెండు చేతులూ కవలపిల్లల్లా ఉన్నాయి.

"నీ చేతిలో పడితే ఒంటె కూడా గుర్రమై బయటికొస్తుందక్కా," అన్నాడు తమ్ముడు.

*

బుధవారం డయాలసిస్ మిషను మొరాయించింది. రక్తం బయటికి బాగానే వస్తోంది, తిరిగి లోపలికి పోయే గొట్టంలో ఒత్తిడి పెరిగి కుయ్యోమని అరుస్తోంది. సిస్టరు వచ్చి వేగం తగ్గించింది. పావుగంటకి మళ్ళీ అరిచింది. తమ్ముడి పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి, తల బరువుగా ఉందన్నాడు. ఆ సమయానికి గదిలో కొత్త డాక్టరమ్మ ఉంది. రక్తనాళాల డాక్టరట, ఆ వారం నుంచే బుధవారాలు వస్తోంది. చూడటానికి చదువుకునే పిల్లలా ఉంది గాని మంచం దగ్గరికి వచ్చి నిలబడితే కదలదు.

తమ్ముడి ముఖం చూసింది. చేతివేళ్ళు నొక్కి చూసింది. తర్వాత చొక్కా చూసింది. తాళ్ళు, పట్టీ, కుట్టు, అన్నిటి మీదా వేలు పెట్టి నడిపించింది.

"ఎవరు కుట్టారు?"

"మా అక్కండీ," అన్నాడు తమ్ముడు.

అక్క చీర కొంగు సర్దుకుంది. డాక్టరమ్మ ఆవిడ వైపు తిరిగి, ఇంత చక్కటి పని తను ఎక్కడా చూడలేదంది. ఆ వెంటనే అదే గొంతుతో, ముందు బొత్తాలు విప్పమంది.

తమ్ముడు చలేస్తుందన్నాడు. ఒక్క నిమిషమే అంది. సూదులున్నాయి గదా కదలకూడదేమో అన్నాడు. నేను విప్పుతాను, నువ్వు కదలకు అంది. వాడు కుడిచేత్తో కాలరు పట్టుకుని అక్క వైపు చూశాడు. చిన్నప్పుడు జేబులో ఏదో దాచి పట్టుబడ్డప్పుడు అలాగే చూసేవాడు. డాక్టరమ్మ ఒక్కొక్క బొత్తామే విప్పి, బనియను పైకి ఎత్తింది.

ఎడమ భుజం నుంచి ఛాతీ మధ్య దాకా నీలి నరాలు. సన్నవి కావు. ఊలు ఉండ విప్పి పిల్లి చేతికిస్తే ఎలా చిక్కుపడుతుందో అలా, ఉబ్బెత్తుగా, మెలికలు మెలికలుగా.

కండక్టరు తన దుప్పటి గడ్డం దాకా లాక్కుని పైకప్పు చూస్తున్నాడు.

డాక్టరమ్మ ఒక కాగితం తీసుకుని బొమ్మ గీసింది. చేతిలోంచి పైకి వచ్చే రక్తమంతా మెడ ఎముక కింద ఉన్న ఈ పెద్ద నాళంలోంచే గుండెకి చేరాలి. మొదట్లో డయాలసిస్ కోసం ఇక్కడ గొట్టం పెట్టారు గదా, అది నెలల తరబడి లోపల రాసుకుని రాసుకుని గోడ కాయ కాచింది. కాయ కాచిన చోట దారి ఇరుకైంది. రాచబాట మూసుకుపోతే బళ్ళన్నీ సందుల్లో దూరతాయి చూడండి, అలా రక్తం ఈ చిన్న నరాల్లో దూరింది. అందుకే చెయ్యి ఉబ్బింది, ముఖం ఉబ్బింది, సూది తీస్తే రక్తం ఆగటం లేదు.

"నీళ్ళు కాదా?" అంది అక్క.

"కాదమ్మా."

"నీళ్ళు తాగి కాదా?"

"నీళ్ళయితే రెండు చేతులూ ఉబ్బాలి గదమ్మా. ఒక్కటే ఎందుకు ఉబ్బుతుంది?"

అక్క మెడలో టేపు వేలాడుతూనే ఉంది, ఇంటి దగ్గర తీయటం మర్చిపోయి వచ్చింది. రెండు కొసలూ చేత్తో పట్టుకుంది.

ఎన్నాళ్ళయిందని డాక్టరమ్మ తమ్ముణ్ణి అడిగింది. ఈమధ్యేనండీ అన్నాడు. అక్క తల అడ్డంగా ఊపింది.

"ఆరు నెలలు," అంది. "అప్పుడు జబ్బ పన్నెండు ఉండేది. తర్వాత పన్నెండున్నర. పదమూడు ముప్పావు. పధ్నాలుగున్నర. నిన్న పదిహేనున్నర. కుడిది అప్పుడూ పదకొండే, ఇప్పుడూ పదకొండే."

డాక్టరమ్మ రాయటం ఆపింది.

"ఇవన్నీ మీకు తెలుసా?"

"తెలుసు."

"ఎవరికైనా చెప్పారా?"

అక్క టేపు మెడలోంచి తీసి వేలికి చుట్టుకుంది. పెద్ద సిస్టరు పక్కనే ఉంది. మంచాల మధ్య ఆవిడ నిలబడిపోవటం ఆ గదిలో ఎవరూ అంతకు ముందు చూడలేదు.

*

గురువారం పొద్దున్నే తమ్ముణ్ణి ఆపరేషను గదిలోకి తీసుకెళ్ళారు. కోత లేదు, కుట్లు లేవు, మత్తు కూడా చోటు వరకే, అని డాక్టరమ్మ ముందే చెప్పింది. చేతి నరంలో చిన్న సూది రంధ్రం చేసి సన్నటి తీగ పోనిస్తారు. ఇరుకైన చోట తీగ దాటితే దాని మీదుగా బుడగ పంపి ఉబ్బిస్తారు, దారి వెడల్పవుతుంది. నిలబడకపోతే చిన్న జాలీ గొట్టం పెడతారు. సాయంత్రానికి ఇంటికి. తీగ దాటటం ఒక్కటే కావలసింది.

దాటకపోతే, అని అక్క అడిగింది. డాక్టరమ్మ దాచలేదు. దాటకపోతే చెయ్యి ఇలా ఉంచలేం, సూదుల కోసం ఈ చేతిలో ధమనితో కలిపిన నరాన్ని కట్టేయాలి, ఇక ఇక్కడ డయాలసిస్ కుదరదు. కుడిచేతిలో నరం ఎప్పుడో ఎండిపోయింది, కుడి వైపు మెడలో దారి లేదు. ఇక తొడలో గొట్టం పెట్టుకుని నెట్టుకురావాలి. తొడ గొట్టానికి చీము తొందరగా పడుతుంది. ఎన్నాళ్ళు అనేది తను చెప్పలేనంది.

బయట బల్ల మీద కూర్చుని అక్క తలుపు మీది ఎర్ర దీపం చూస్తూ ఉంది. చేతిలో పని లేకుండా అంతసేపు కూర్చోవటం ఆవిడకి అలవాటు లేదు. సూదిలోకి దారం ఎక్కించటం గుర్తొచ్చింది. కళ్ళు మందగించాక కొసని పంటితో తడిపి, మెలిపెట్టి, ఊపిరి బిగబట్టి తోస్తుంది. ఒక్కోసారి పదిసార్లు తప్పుతుంది. పదకొండోసారికి దూరుతుంది. లోపల ఆ డాక్టరు పిల్ల కూడా అలాగే ఊపిరి బిగబట్టి ఉంటుందనుకుంది. ఒక గంట. రెండో గంట. దీపం ఆరలేదు.

డాక్టరమ్మ బయటికి వచ్చినప్పుడు ఇంకా ఎక్స్‌రేలు తగలకుండా వేసుకునే బరువైన సీసపు కోటులోనే ఉంది. జుట్టు నుదుటికి అంటుకుపోయింది. అక్కని లోపలికి తీసుకెళ్ళి తెర మీద బొమ్మ చూపించింది. నల్లటి మందు చేతిలోంచి ఏరులా పైకి వచ్చి, మెడ ఎముక దగ్గర గోడకి కొట్టినట్టు ఆగిపోయింది. అవతల ఏమీ లేదు. తీగ వెళ్ళినంత దూరం వెళ్ళి, వంకర తిరిగి వెనక్కి వచ్చేస్తోంది.

"దారప్పోగంత సందున్నా దాటించేదాన్నమ్మా," అంది. "మూడు నాలుగు నెలల కిందట ఉండే ఉంటుంది. అప్పుడైతే అరగంట పని."

ఆ మాట నిందలా అనలేదు. అలిసిపోయిన మనిషి ఉన్నది ఉన్నట్టు చెప్పింది, అంతే. శనివారం పెద్ద డాక్టరు వస్తారు, కింద తొడలోంచి ఒక తీగ, పైన చేతిలోంచి ఒక తీగ, రెండు వైపుల నుంచీ చూస్తాం. అదే ఆఖరు, అంది.

*

శుక్రవారం డయాలసిస్ చేయించుకుని వచ్చాక, సాయంత్రం వెలుతురుండగానే అక్క దుకాణం తలుపు మూసేసింది. బల్ల మీద తమ్ముడి కిటికీ చొక్కాలు అయిదూ వరసగా పరిచింది. కొత్తది అడుగున, దాని మీద అంతకు ముందుది, అన్నిటి పైనా మొట్టమొదటిది. ప్రతి చెయ్యీ పై దానికంటే కొంచెం పక్కకి పొడుచుకొస్తోంది. అంచులు మెట్లలా కనిపించాయి. గుడ్డివాడికి చేత్తో తడిమించినా తెలిసిపోయే సంగతి.

తమ్ముడు గోడ పట్టుకుని నడిచి వచ్చి పీట మీద కూర్చున్నాడు.

"నా చేతులతో నేనే మూసిపెట్టానురా," అంది అక్క. "అందరిలాగా నువ్వు కూడా చొక్కా విప్పి పడుకుని ఉంటే ఎవరో ఒకరు చూసేవాళ్ళు. ఆ సిస్టరే చూసేది. చలేస్తే చచ్చేవాడివా? నేను పెద్ద పనిమంతురాలినని కిటికీ పెట్టాను."

వాడు పై చొక్కా తాళ్ళు సర్దాడు.

"కిటికీ నేనడిగాను గదక్కా."

"చలికి అడిగావు."

"చలికి కాదు."

అక్క తలెత్తింది.

"పాలాయన గుర్తున్నాడా? ఆరో నంబరు మంచం. ఆయన ఛాతీ మీద ఇలాగే లేచాయి. నేను చూశాను, పక్కనే గదా. డాక్టర్లకి చూపించాడు. చేతి నరం కట్టేశారు, తొడలో గొట్టం పెట్టారు. రెండు నెలలకి కండక్టరు సీటుంది ఎక్కండి అన్నాడు." తమ్ముడు నోరు తడుపుకున్నాడు. "నాకు ఒకరోజు స్నానం చేస్తుంటే కనిపించింది, ఒక్కటే, సన్నగా. మర్నాడు నిన్ను చొక్కా అడిగాను. తీగ ఉందని, బుడగ ఉందని నాకెవరు చెప్పారు? కట్టేస్తారనే అనుకున్నాను."

"నీళ్ళని సిస్టరు అంటుంటే..."

"అదే మేలనుకున్నాను. నీళ్ళ దొంగనైతే నాలుగు తిట్లతో పోతుంది. నువ్వు తిట్టిన ప్రతిసారీ, అమ్మయ్య, ఈ వారానికి బతికిపోయాననుకునేవాణ్ణి."

వీధిలో ఎవరో వచ్చి తలుపు తట్టి, మూసి ఉందని వెళ్ళిపోయారు.

"ఒక్కసారైనా తాగావా?"

"లేదు."

"దాహం వేసేదా?"

"వేసేది."

అంతే అన్నాడు. అక్క తిట్టలేదు, ఏడవలేదు. చొక్కాలన్నీ మడిచింది. మడిచినవి విప్పి మళ్ళీ మడిచింది. తర్వాత పీట పక్కన నేల మీద కూర్చుని, వాడి ఎడమచెయ్యి ఒళ్ళోకి తీసుకుంది. రాయిలా బరువుగా ఉంది. వేలు పెట్టి నొక్కితే పడ్డ గుంట పైకి రావటానికి చాలాసేపు పట్టింది. ఆ గుంట పూడేదాకా చూసి, ఇంకో చోట నొక్కకుండా, అలాగే పట్టుకుని కూర్చుంది.

*

శనివారం నాలుగు గంటలు పట్టింది. పెద్ద డాక్టరు, చిన్న డాక్టరమ్మ, ఇద్దరూ లోపలే ఉన్నారు. కింద నుంచి వచ్చిన తీగకీ పై నుంచి వచ్చిన తీగకీ మధ్య బొటనవేలంత దూరం మిగిలిపోయిందట. గుండెకి అంత దగ్గరలో బలవంతంగా పొడిస్తే బల్ల మీదే ప్రాణం పోతుందని ఆపేశారు. అదే బల్ల మీద చేతి నరం కట్టేసి, తొడలో గొట్టం పెట్టి పంపించారు.

బయటికి తెచ్చినప్పుడు వాడికి మెలకువగానే ఉంది. అక్క అలవాటుగా జబ్బ మీద అరచెయ్యి వేసింది. ఇన్నేళ్ళూ ఆ చేతి మీద చెయ్యి వేస్తే లోపల సన్నగా జల్లుమని పారుతుండేది, పిల్లి గుర్రుపెట్టినట్టు. ఇప్పుడు మామూలు చెయ్యి. ఎవరి చేతి మీద చెయ్యి వేసినా ఎలా ఉంటుందో అలా ఉంది.

"కరెంటు తీసేశారక్కా," అన్నాడు.

ఆదివారం సాయంత్రానికే ఉబ్బు దిగటం మొదలైంది. సోమవారం పొద్దునకి వేళ్ళ కణుపులు బయటపడ్డాయి, మణికట్టు ఎముక కనిపించింది. ముఖం పాత ముఖమైంది. వీధిలో చూసినవాళ్ళు ఎంత తేరుకున్నాడో అన్నారు. కళ వచ్చిందన్నారు. అక్క అందరికీ తల ఊపింది. టేపు పెట్టక్కర్లేదు, కంటితోనే తెలుస్తోంది, పన్నెండు ఉంటుంది. బుధవారానికి పదకొండుకి వచ్చేస్తుంది. రెండు చేతులూ సమమైపోతాయి, ఏ కుచ్చులూ అక్కర్లేకుండా.

ఆటోలో తొడ కదిలినప్పుడల్లా వాడు పళ్ళు బిగించాడు గాని, డయాలసిస్ గది గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ముఖం సర్దుకున్నాడు. మంచం మీద కూర్చుని తనే చొక్కా విప్పి మడిచి పక్కన పెట్టాడు, బనియను కూడా. తొడలో గొట్టానికి చొక్కాతో పని లేదు. సిస్టరు దుప్పటి కప్పబోతే కాసేపు ఆగమన్నాడు. ఎముకలు తేలిన ఆ ఛాతీ మీద నీలి నరాలు ఇంకా పూర్తిగా పోలేదు, నీళ్ళు తీసిన కాలవల్లా వడలి ఉన్నాయి. గదిలో అందరూ చూశారు. చూసి తమ తమ మిషన్ల వైపు తిరిగారు.

కండక్టరు ఎర్రగళ్ళ కిటికీ చొక్కాలో ఉన్నాడు. ఏమైందని చిన్నగా అడిగాడు. తమ్ముడు చెప్పాడు. గొంతు తగ్గించలేదు. తీగ గురించి చెప్పాడు, బుడగ గురించి చెప్పాడు. సన్నగా సందున్నప్పుడు వస్తే సాయంత్రానికి ఇల్లు చేరొచ్చని, సందు పూడాక వస్తే ఇలా అవుతుందని చెప్పాడు. పాలాయనకి తీగ వేసి చూశారో లేదో మనకెవరికీ తెలియదు, కట్టేశారనే ఒక్క ముక్క మోసుకుని తిరిగామని కూడా చెప్పాడు. అంతసేపు హాస్యం లేకుండా వాడు మాట్లాడటం అక్క ఎప్పుడూ వినలేదు.

కండక్టరు ఊఁ కొట్టాడు. చలిగా ఉందంటూ కాలరు దగ్గరికి లాక్కున్నాడు.

తమ్ముడు ఆ చెయ్యి వంక చూశాడు.

"అన్నా," అన్నాడు. "ఇన్నేళ్ళూ అందర్నీ నువ్వు చెక్ చేశావు. ఇవాళ చెకింగ్ నాది. బొత్తాలు విప్పు."

"నాకేంలే. నాది మామూలే."

"మామూలైతే చూపించడానికేం?"

కండక్టరు నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. ఒక చెయ్యి మిషనుకి కట్టేసి ఉంది, ఇంకో చెయ్యి కాలరు వదలటం లేదు. అక్క మంచం చుట్టూ తిరిగి ఆయన పక్కకి వచ్చి నిలబడింది. ఆ ఎర్రగళ్ళ గుడ్డ ఎలా తిప్పి కత్తిరించిందో, ఎడమ వైపు ఎక్కడెక్కడ వదులు పెట్టిందో, ఆవిడకి వేళ్ళ కొసల్లో ఉంది. పైకి ఎప్పుడూ అనలేదు. ఆయనా అడగలేదు.

"వద్దు చెల్లెమ్మా," అన్నాడు కండక్టరు. "నీకు తెలుసు గదా. తెలిసే కుట్టావు గదా. ఇన్నాళ్ళూ అననిదానివి, ఇప్పుడెందుకు?"

"తెలిసే కుట్టానన్నయ్యా," అంది అక్క.

ఆయన వేళ్ళని కాలరు మీంచి ఒక్కొక్కటే విడదీసింది. చల్లగా ఉన్నాయి. మొదటి బొత్తాం విప్పింది, రెండోది విప్పింది. మూడోది తన కాజా మరీ బిగువుగా కుట్టినట్టుంది, గోరుతో లాగాల్సి వచ్చింది. గుడ్డ పక్కకి తీసింది.

ఎన్నాళ్ళయిందని అడిగింది.

"నాకూ సరిగ్గా తెలీదు చెల్లెమ్మా. అద్దం చూసుకోవటం మానేశాను."

అక్క ఆ గదిలో ఎప్పుడూ గొంతెత్తి ఎవర్నీ పిలవలేదు. ఇప్పుడు పిలిచింది. గది చివర ఉన్న పెద్ద సిస్టరు చేతిలోది బల్ల మీద పెట్టి, నడవకుండా, పరుగెత్తుకుంటూ వచ్చింది. చూసింది. ఒక్క మాట కూడా అనకుండా డాక్టరమ్మకి ఫోను చేయటానికి వెళ్ళింది.

కండక్టరు ముఖం అవతలికి తిప్పుకున్నాడు. ఆయన ఒళ్ళు చలికి గగుర్పొడిచింది. బొత్తాలు పెట్టెయ్యమ్మా, ఆవిడొచ్చాక మళ్ళీ విప్పుకోవచ్చు, అని గొణిగాడు.

అక్క పెట్టలేదు. దుప్పటి ఆయన నడుం దాకా లాగి కప్పింది. చొక్కా రెండు అంచులూ రెండు చేతులతో తెరిచి పట్టుకుని, డాక్టరమ్మ వచ్చేదాకా అలాగే నిలబడింది.